లచ్చయ్య పూడ్చిన కన్నం

ఉప్పలమ్మ తన మొగుణ్ణి తానే జైలుకు పంపిందని మిర్యాలగూడ అంగట్లో చెప్పుకుంటున్నారు. అబద్ధం. పంపింది మున్సిఫు. ఉప్పలమ్మ బేరమాడింది, అంతే.

మాడుగులపల్లిలో మట్టిగోడ పెట్టాలంటే ఆమె మొగుడు లచ్చయ్యే పెట్టాలి. కానీ నల్లమందు మరిగాక, పొద్దున్నే ఉండ మింగందే ఆ చేతులు మట్టి ముట్టేవి కావు. రెండు మేకలు, ఇత్తడి బిందె, ఉప్పలమ్మ పెండ్లి చీర అన్నీ నల్లమందు దుకాణం పాలయ్యాయి. ఇంట్లో అమ్మడానికి ఇంకేమీ మిగలక, పెద్ద రైతు ఇంటి ముసలమ్మ రుక్కమ్మ కోదాడలో కూతురి దగ్గరికి వెళ్లినప్పుడు, ఆమె ఇంటికి కన్నం వేశాడు.

ఆ గోడ పెట్టింది లచ్చయ్యే. ఎక్కడ పొడిస్తే రాలుతుందో తెలుసు. పట్టపగలే దూరి వెండి కడియాలు తీశాడు. బయటికొచ్చి చూస్తే తన గోడకు అంత బొక్క! ప్రాణం ఒప్పలేదు. ఎర్రమట్టి కలిపి పూడ్చి, పేడతో అలికి మరీ వెళ్లాడు.

లచ్చయ్యకు చిటికెన వేలు వంకర. ఆయన అలికితే మూడు గీతలు తిన్నగా, నాలుగోది పాములా వస్తుంది. రుక్కమ్మ బండి దిగుతూనే గోడ చూసింది.

"లచ్చిగాడు పిలవకుండనే వచ్చి అలికిపోయిండేంది?" అనుకుంటూ లోపలికెళ్లి పెట్టె తెరిచింది. ఇక కేకలే కేకలు.

సూర్యాపేటలో కడియాలు అమ్మజూపుతూ లచ్చయ్య దొరికిపోయాడు.

అది నిజాం రాజ్యం పోయిన మరుసటేడు. కోర్టులో మున్సిఫు కొత్తగా వచ్చినాయన. "నేరం ఒప్పుకున్నాడు. సొమ్ము దొరికింది. గోడ కూడా బాగుచేశాడు. ఒక నెల జైలు," అన్నాడు.

ఉప్పలమ్మ దిగ్గున లేచింది. "నెల ఏం సరిపోతది దొరా? ముందల గిట్లనే పదిహేను దినాలు ఏసిన్రు. ఇడిసిన్నాడు ఇంటికి రాలే, సీదా దుకాణానికే పోయిండు. ఆర్నెల్లు ఎయ్యిండ్రి."

"ఆర్నెల్లా!" రుక్కమ్మ ఉలిక్కిపడింది. "వానలు పడితె నా కొట్టం గోడ ఎవడు పెడతడే? మీ అయ్యొస్తడా?"

"అయితె అయిదు, దొరసానీ."

"రెండు. గంతే."

"జర నన్ను గూడ అడగరాదే?" అన్నాడు బోనులోంచి లచ్చయ్య.

"నువ్ ఊకోవయ్యా, నీ సంగతే మాట్లాడుతున్నం!"

మున్సిఫు బల్ల చరిచాడు. "ఇది మేకల అంగడనుకున్నారా?"

ఉప్పలమ్మ చేతులు జోడించింది. "మత్తు లేని మొగుణ్ణి ఇయ్యిండ్రి దొరా. ఆయన్ను సూడక ఆరేండ్లయింది."

మున్సిఫు కాగితం ముందుకు లాక్కుని, మూడు నెలలు రాశాడు. జైలు డాక్టరు అలవాటు మాన్పించాలని కింద ఇంకో ముక్క కలిపాడు.

గడువు తీరి వచ్చిన మొగుణ్ణి ఉప్పలమ్మ కావాలనే నల్లమందు దుకాణం ముందునుంచి నడిపించింది. సరిగ్గా అక్కడే లచ్చయ్య ఆగాడు. ఆమె అతని చొక్కా పట్టుకుంది.

"ఎవడు పెట్టిండే గీ గోడ? నెర్రెలు సూడు, సిగ్గులేనోడు!" అని దుకాణం గోడ తడిమి, తిట్టుకుంటూ ముందుకు నడిచాడు.

ఉప్పలమ్మకు ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు. కాబట్టి అంగడికి పోయేవాళ్లు ఆ దుకాణం వైపు ఓ కన్నేయండి. లచ్చయ్య బయట నిలబడి గోడను తిడుతుంటే పలకరించి పోండి. లోపల కనబడితే మాత్రం మాడుగులపల్లికి కబురు చేయండి. ఈసారి ఆమె ఆర్నెల్లకు ఒక్కరోజు తగ్గదు.