సంతలో అడిగిన ఓట్లు

టీచరుగా నా మొదటి పోస్టింగు ముంచింగిపుట్టు దగ్గర ఓ కొండ ఊళ్లో. బడి పైకప్పు కారుతోంది. బాగుచేయడానికి ఇంటిపన్ను పెంచాలా వద్దా అని మర్నాడు గ్రామసభలో చేతులెత్తించబోతున్నారు. కొండెక్కి ఇల్లిల్లూ తిరగడానికి బద్ధకించి, ఊరంతా ఒకేచోట దొరుకుతుంది కదా అని వారపు సంతకు వెళ్లాను.

అల్లం బస్తాల పక్కన బల్లెక్కి గంటసేపు ఉపన్యాసం దంచేశాను. మూగిన జనం బుద్ధిగా తలలూపారు. గొంతు బొంగురుపోయింది. "రేపు అందరూ చెయ్యెత్తాలి!" అన్నాను.

ముందు నిలబడ్డ ముసలమ్మ నా కొంగు లాగింది. "మాకు ఓటేటి తల్లీ? మాది ఒడిసా. మీ ఊరోలు పొద్దున్నే అల్లం అమ్మీసి ఎలిపోనారు."

అందరూ గొల్లుమన్నారు. గబగబా బల్ల దిగిపోయాను. ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగాను. గొంతు పెగలక గుసగుసగా చెబుతుంటే, పాపమని పీట వేసి మరీ విన్నారు. మర్నాడు నాలుగు చేతులు ఎక్కువ లేచి గట్టెక్కాం.

బడులు తెరిచిన రోజున ఆ ముసలమ్మ మనవరాలితో వచ్చింది. "ఓటు నేదు గానీ, గుంట ఉందమ్మా. కొత్త కప్పు కింద కూకోబెట్టు."

ఆనాడు సంతలో నాకు పడిన ఒకే ఒక్క ఓటు ఇప్పుడు మూడో తరగతిలో ఎక్కాలు చదువుతోంది.