మా మగ్గం అర్రలో తెరిచిన వైకుంఠ ద్వారం

మా చిన్నప్పుడు... ముక్కోటి ఏకాదశి నాడు, ఇంకా తెల్లారక ముందే, మా మగ్గం అర్ర గోడలోంచి గడ్డపార మొన బయటికొచ్చింది.

డిసెంబర్ ఆఖరు. ఎముకలు కొరికే చలి. బాపు మగ్గం గుంటలో కూర్చొని నేస్తుండు. అవ్వ... అంటే మా అమ్మ... పొయ్యి కాడ ఎల్లిపాయ కారం దంచుతున్నది. మట్టి పెళ్లలు రాలినయి... బొక్క పెద్దగైంది... అందులోంచి రుమాలు చుట్టిన తల ఒకటి వచ్చింది. గుడి పెద్ద నర్సింగం సేటు!

గోడ అవతల గుడి. సేటు ధర్మపురి పోయి ఉత్తర ద్వారం చూసొచ్చిండు. మన గుడికి మాత్రం ఎందుకుండొద్దని ఉత్తరం గోడ తవ్వించిండు. గోడ వెనక సందు ఉందనుకున్నడట. నేతోళ్ల ఇండ్ల దిక్కు ఎన్నడన్నా వస్తే కదా తెలిసేది!

“రాజయ్యా, గట్ల అడ్డం కూసుంటే ఎట్ల? ఇది వైకుంఠ ద్వారం. జర జరుగు.”

బాపు నేసుడు ఆపిండు. “సేటూ, నీ వైకుంఠానికి నా పడుగే దొరికిందా?”

పడుగంటే తెలియనోళ్ల కోసం... మగ్గం నుంచి అవతలి గుంజ దాకా నడుమెత్తున సాగదీసి కట్టిన నూలు పోగులు. బొక్కకూ మా వాకిలికీ నడుమ అదే అడ్డం. ఒక్కడు తట్టుకొని మీద పడితే పోగులన్నీ తెగుతయి. మాకు నెల రోజుల బువ్వ తెగినట్టే. వెనక జనమేమో “గోవిందా” అని నూకుతున్నరు.

అవ్వ రోకలి పట్టుకొని లేచింది.

“వంగుండ్రి! ఎంత పెద్దోళ్లైనా సరే, పడుగు కిందికెల్లి పాకి పోవాలె. నిలబడి వచ్చేటోళ్లకు నా ఇంట్ల వైకుంఠం లేదు.”

వంగిండ్రు. పూజారి వంగిండు. సేటు బొజ్జ నేలకానించి పాకిండు... రుమాలు ఊడి గుంటలో పడ్డది. “ఇంకా కిందికి సేటూ... ఇంకా...” అంటున్నది అవ్వ.

ఆయన వెనక వచ్చిన ముసలామె ముక్కు ఎగబీల్చింది. “వైకుంఠంల ఎల్లిపాయ కారం వాసనొస్తుందేందే బిడ్డా?”

“ఆడ గూడ నేతోళ్లు ఉన్నరేమో పెద్దవ్వా!” అన్నది అవ్వ.

ఒక్క పోగు తెగలే.

మరుసటేడు జనం వాళ్లంతట వాళ్లే వచ్చి పాకిండ్రు. నడుం నొప్పి పోయిందని ఒకామె, కోరిన కోరిక తీరిందని ఒకాయన...

ఇప్పుడు మా ఇల్లు గుడిలో కలిసిపోయింది. ద్వారం రెండు నిలువుల ఎత్తు. అయినా అందరూ వంగే పోతరు. మొన్న సేటు కొడుకు ఇక్కడే పోస్టు పెట్టిండు... వంగుడంటే అహంకారం వదులుడట, అది శాస్త్రమట, వాళ్ల నాయన తెచ్చిన ఆచారమట. లైకులే లైకులు!

నాయనా, నేను పుస్తకాలు చదివీ చదివీ కండ్లు పోగొట్టుకున్నోన్ని. మధుకైటభుల కోసం విష్ణువు ఉత్తర ద్వారం తెరిచిన కథ ఉన్నది. వాళ్లు వంగినట్టు నేను చదివిన ఏ పుస్తకంలో లేదు. రాక్షసులే దర్జాగా నిలబడి పోయిండ్రు. పాకింది మీ నాయన. నేను చూసిన.

ఆ వాడకట్టులో ఇప్పుడు ఒక్క మగ్గం లేదు. బతికినన్నాళ్లూ మా బాపు కోసమని ఎవరూ తల వంచలే... ఇప్పుడేమో ఏడాదికోసారి వాడంతా, అక్కడ లేని ఆయన పడుగు కింద వంగి పోతున్నది.

మీ ఊరి పండుగల్లో గూడ ఇట్లాంటి ‘శాస్త్రాలు’ ఉండే ఉంటయి. అసలు సంగతి తెలిసినోళ్లు కింద రాయండి. సేటు కొడుకు గూడ రాయొచ్చు... జర చదువుకొని.