యూరప్ బడ్జెట్టూ నా శనివారం ఉపవాసమూ

మూఢనమ్మకాల మీద నేను చేసిన యుద్ధాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కదానిలో మాత్రం చిత్తుగా ఓడాను. ఏ స్వామీజీ చేతిలోనో ఓడినా కాస్త పరువు దక్కేది. నన్ను ఓడించింది నా సొంత కడుపే! నవ్వదలచినవాళ్లు ఇప్పటినుంచే నవ్వుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు.

ఎనభైల మొదట్లో మేము అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని నోవై అనే ఊళ్లో ఉండేవాళ్లం. నేను వారమంతా కార్ల కంపెనీలో ఇంజనీరుని, శని ఆదివారాల్లో సంఘసంస్కర్తని. ఆ వేసవిలో నేనూ నా భార్య శారదా యూరప్ చూసి రావాలనుకున్నాం. టిక్కెట్లు కొన్నాం, హోటళ్లు కుదిరాయి. తిండి దగ్గరికొచ్చేసరికి సంసారం రెండు పార్టీలుగా చీలింది.

"రైస్ కుక్కరూ, ఆవకాయ సీసా పెట్టుకుందామండీ. రాత్రిళ్లు గదిలో ఇంత అన్నం వండుకుంటే ఖర్చు కలిసొస్తుంది," అంది శారద.

"ప్యారిస్ వెళ్లి ఆవకాయా? ఖండాలు దాటినా నాలుకకున్న సంకెళ్లు తెంచుకోలేని జాతి బాగుపడదు!" అన్నాను. తెలుగు సంఘం సభలో అయితే ఆ మాటకు చప్పట్లు పడేవి. మా వంటింట్లో పప్పుగరిటె చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

"మరి బయట తింటే ఎంతవుతుందో?"

గైడు పుస్తకం ముందేసుకుని రోజువారీ తిండి లెక్క కట్టి చూపించాను. ఆమె నమ్మలేదు.

"నమ్మొద్దు. ప్రయోగం చేసి చూద్దాం," అన్నాను. అక్కడే నా పతనం మొదలైంది.

పందెం ఇదీ. శుక్రవారం ఆఫీసు కాగానే షికాగో బయలుదేరి, శనివారం రాత్రికి ఇల్లు చేరాలి. యూరప్ లెక్క ప్రకారం ఇద్దరి తిండి డబ్బూ ఒక కవరులో ఉంటుంది, కవరు నా జేబులో ఉంటుంది. అది సరిపోతే కుక్కర్ ఇంట్లోనే ఉండిపోతుంది. చాలకపోతే మాతోపాటు విమానమెక్కుతుంది. సాక్షులుగా చలపతిరావు, అతని భార్య అనసూయ తమ తిండి ఖర్చు తామే పెట్టుకుని మా కార్లోనే వచ్చారు. చలపతి నాకు ప్రాణమిత్రుడు, శనివారం ఒంటిపూట ఉండే భక్తుడు. అంతకు కొద్దిరోజుల ముందే, "నువ్వు రాత్రి ఇడ్లీ మానేస్తే దేవుడికేమిటి లాభం?" అని నలుగురిలో నేను అతన్ని ఉతికి ఆరేశాను.

రాత్రికి షికాగో చేరి, పిజ్జా పలచగానే ఉంటుంది కదా అని పెద్దది చెప్పాను. వచ్చింది ఇంటి పునాదిలా ఉంది! మెనూలో ఉన్న ధర వేరు, బిల్లులో ఉన్నది వేరు. ట్యాక్స్ అనే పదార్థం నా లెక్కలో లేనే లేదు.

"టిప్పు పెట్టండి," అంది శారద.

"ఎందుకు? జీతం యజమాని ఇవ్వాలి. ఇనాములు పంచడానికి మనం జమీందారులమా?"

"మీ ఉపన్యాసంతో ఆ వడ్డించిన పిల్ల అద్దె కట్టుకోలేదు. ఇలా తెండి కవరు," అని తనే తీసి పెట్టింది. పొద్దున టిఫిన్ దగ్గరా ఇదే చర్చ, ఇదే ఫలితం.

శనివారం మధ్యాహ్నం ఇండియన్ హోటల్లో కూర్చున్నాం. బల్ల కింద కవరు తెరిచి చూశాను. ఒక్క భోజనానికే ఉంది. శారద నాకేసే చూస్తోంది.

"మీకేం చెప్పను?"

"నాకేమీ వద్దు. ఇవాళ... ఉపవాసం."

మెనూ చూస్తున్న ముగ్గురూ తలెత్తారు.

"ఏ దేవుడికండీ?" అంది శారద, ఎంతో వినయంగా.

నేను 'ఆరోగ్యం కోసం' అనబోయేలోపే చలపతి లేచి నన్ను కావలించుకున్నాడు. "శనివారం! వెంకన్నకి! నేను ఒంటిపూటే గురూ, నువ్వు ఏకంగా కటిక ఉపవాసమా!"

కాదంటే పందెం పోతుంది. ఊరుకుంటే సిద్ధాంతం పోతుంది. ఊరుకున్నాను. చలపతి పూరీలు లాగిస్తూ, భక్తుడికి పండు పెడితే పుణ్యమని నా కోసం అరటిపళ్లు తెప్పించాడు. అయ్యలారా, పుణ్యం అనేది లేదని ఇరవై వ్యాసాలు రాసినవాణ్ణి, ఆ పూట గెలదాకా తిని అతని ఖాతాలో బోలెడు జమచేశాను. ఇల్లు చేరాక కవరులో మిగిలిన చిల్లర గలగలలాడించి, "చూశావా?" అన్నాను. "గెలిచారండీ," అని నవ్వి, శారద పడుకోవడానికి వెళ్లిపోయింది.

అమెరికాలో తెలుగువాళ్ల విందులన్నీ శనివారమే అన్న సంగతి నాకు వారం తర్వాతగానీ తట్టలేదు. చలపతి ఇంట్లో విందు. గుత్తివంకాయ వాసన వీధి చివరకే ఎదురొచ్చింది. నేను ప్లేటు తీసుకోగానే అనసూయ ఉలిక్కిపడింది.

"అయ్యో అన్నయ్యగారూ, శనివారం కదా! మీకు వేరే తీసిపెట్టానుగా," అని ద్రాక్షపళ్ల గిన్నె చేతిలో పెట్టింది.

సాయం కోసం శారదవైపు చూశాను. "అవును వదినా, శనివారం ఆయన నిప్పు," అంటూ ఆవిడ వంకాయ వడ్డించుకుంది.

పది నిమిషాలు ఓర్చుకున్నాను. తర్వాత ఇక నా వల్ల కాలేదు.

"అబద్ధం!" అని అరిచాను. "భక్తీ లేదు, బొంగూ లేదు! ఆ రోజు కవరులో ఒక్కరి భోజనానికే డబ్బుంది! పందెం ఓడాను, నాకు అన్నం పెట్టండి!"

గది గొల్లుమంది. శారద తాపీగా ప్లేటు అందించింది. "బల్ల కింద మీరు కవరు చూసుకుంటున్నప్పుడే నాకు తెలుసండీ. కుక్కర్ సోమవారమే సూట్‌కేసులో సర్దేశాను."

చలపతి మాత్రం చెమ్మగిల్లిన కళ్లతో అందరికేసి తిరిగాడు. "చూశారా? భక్తిని ఎంత గుట్టుగా దాచుకుంటున్నాడో!" ఋజువులు చూపించాను, జేబులోనే ఉండిపోయిన కవరూ చూపించాను. ఎంత కాదంటే అంత పెద్ద భక్తుణ్ణయిపోయాను.

దేవుడి మీద ఒట్టు వేసే హక్కు నాకు లేదు. అందుకని గుత్తివంకాయ మీద చెయ్యివేసి, సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఆకలేస్తే ఆకలేసిందనే చెబుతాను. ముఖ్యంగా శనివారాల్లో.