తిరుపాలు పేరు మీద నడిచేవి పదకొండు

వెంకటగిరియప్ప ఆఫీసు గదిలో ఒక ఆకుపచ్చ ఇనుప బీరువా ఉంది. ఆయుధపూజ నాడు పూజారి దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, దారం చుట్టాక, విజయదశమి వెళ్లిన మరునాడు పొద్దున కొబ్బరికాయ కొట్టేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. పీణ్య పారిశ్రామికవాడలోని ఆ ఫ్యాక్టరీలో అది కట్టుబాటు. 2002లో ఆ దారానికి అవతల తిరుపాలు పదో తరగతి, ఇంటర్, బీకాం సర్టిఫికెట్లు ఉన్నాయి.

పనిలో చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు యజమాని చేతికివ్వాలి. ఇస్తున్న రోజు ఎవరికీ ఏమీ అనిపించదు. తిరుపాలుకూ అనిపించలేదు. 1997లో కదిరి దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడికి స్టోర్సు గుమాస్తా ఉద్యోగం దొరకడమే గొప్ప. వెంకటగిరియప్పది చింతామణి వైపు. కన్నడ దేశంలో తెలుగు మాట్లాడే యజమాని అని సంబరపడి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మరీ ఇచ్చాడు.

రెండేళ్లకు ఫ్యాక్టరీలోకి కంప్యూటర్లొచ్చాయి. అమ్మినవాళ్లు పెట్టేసి వెళ్లిపోయారు. అవి ఆగినప్పుడల్లా వాళ్లకు ఫోను చేస్తే రేపంటారు, ఎల్లుండంటారు. విసుగెత్తి తిరుపాలు ఒక ఆదివారం అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల దుకాణాలన్నీ తిరిగి, అట్ట చిరిగిన ఎనిమిది వందల పేజీల ఇంగ్లీషు పుస్తకం కొన్నాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఏడు నెలల్లో చదివాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. 2000లో కొత్త సర్వరు వచ్చినప్పుడు దాన్ని విండోస్ 2000తో ఒంటిచేత్తో నిలబెట్టాడు. ఆ రోజు నుంచి స్టోర్సు ఇంకొకరిది, సర్వరు అతనిది. జనం అతన్ని కంప్యూటరప్ప అనడం మొదలుపెట్టారు.

గాలి ఆడని గది అది. ఏసీ సర్వరుకే తగిలేట్టు తిప్పి ఉంటుంది. బయట ఎవరికి ఏది ఆగినా కిటికీ అద్దం మీద కొడతారు. ప్రింటరు మొరాయిస్తే వరసలో మొదటున్న కాగితాన్ని తీసేస్తాడు, వెనక ముప్పై కాగితాలు వాటంతటవే వస్తాయి. రెండు కంప్యూటర్లు ఒకేసారి చచ్చిపోతే ఎవడో పక్కవాడి కంప్యూటరు నంబరే తన దానికీ పెట్టుకుని ఉంటాడు. సరైన పాస్‌వర్డ్ కొట్టినా సర్వరు లోపలికి రానివ్వకపోతే గడియారం చూస్తాడు. రెంటి గడియారాలకూ ఐదు నిమిషాలు మించి తేడా ఉంటే సర్వరు ఆ కంప్యూటర్ని నమ్మదు. నడిచినన్నాళ్లూ అతనొకడున్నాడని ఎవరికీ గుర్తుండదు. ఆగితే మాత్రం తప్పు అతనిదే. ఇలా రెండేళ్లు. ఇరవై ఎనిమిదేళ్లకే తన బతుకు ఆ అద్దానికి ఇటుపక్కే అయిపోతుందని అతనికి భయం పట్టుకుంది.

చివరికి నగరానికి ఆ కొసన మడివాళ దగ్గరి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. గురువారం చేరాలి. ఒరిజినల్స్ చూపించాలి.

వెంకటగిరియప్ప కోప్పడలేదు. "పోతానంటే కాళ్లు పట్టుకుంటానా అప్పా? మా అశోక్‌కు నేర్పించి పో," అన్నాడు. అశోక్‌కుమార్ ఆయన అక్క కొడుకు. ముప్పై రెండేళ్లు, ఇద్దరు పిల్లలు, రెండు వ్యాపారాలు చేసి మూసేసినవాడు. తిరుపాలు అతనికి మూడు వారాలు నేర్పాడు. తను నేర్చుకున్నదంతా ఒక పొడుగు నోటుబుక్కులో తెలుగులో రాసిచ్చాడు. మొదటి వాక్యం: 'ఏది ఆగినా ముందు వైరు చూడు, మన దగ్గర ఎలుకలున్నాయి.'

శనివారం ఆఖరి రోజు. "సోమవారం పూజకు రాప్పా, ప్రసాదంతో పాటు నీ కాగితాలూ ఇస్తా," అన్నాడు వెంకటగిరియప్ప. సోమవారం తిరుపాలు పదింటికి వెళ్లేసరికి పూజారి ఎనిమిదింటికే ఆఫీసు గది ముగించి వెళ్లాడు. బీరువాకు దారం కట్టి ఉంది. సర్వరును కూడా ఆపి, నెత్తిన చామంతి మాల వేశారు. మూడు షిఫ్టులూ, ఆదివారాలూ నడిచే ఆ ఫ్యాక్టరీలో సమస్తం ఆగేది ఏడాదికి ఆ ఒక్కసారే.

"అయ్యో, కట్టేసినారే! బుధవారం పొద్దున్నే రా," అన్నాడు వెంకటగిరియప్ప, అతని చేతిలో ఉగ్గుగిన్నెడు చక్కెర పొంగలి పెడుతూ.

మంగళవారం తిరుపాలు తన ట్రంకుపెట్టె మడివాళలోని కొత్త గదికి చేర్చేశాడు. బుధవారం రెండు బస్సులు మారి పీణ్యకు వచ్చేసరికి గేటు దగ్గర సరుకెక్కిన లారీ నిలబడి ఉంది. లోపల చప్పుడు లేదు. ఆ వీధిలో ఆ ఫ్యాక్టరీ చప్పుడు లేకుండా ఉండటం అతనికి వింతగా తోచింది.

"వచ్చినాడప్పా కంప్యూటరప్ప!" షాపుఫ్లోరు ఫోర్‌మన్ జయరామప్ప ఎదురొచ్చాడు. "పోతా పోతా ఏం మందు పెట్టి పోయినావు? పద్నాలుగు మెషీన్లూ నిద్రపోతా ఉండాయి."

"నేను నా సర్టిఫికెట్లకు వచ్చినా అన్నా."

"నీ సర్టిఫికెట్లు యాడికీ పోవులే. కుంకుమ పెట్టుకుని సుమంగళిగా ఉండాయి. నువ్వు ముందు ఈ గుడ్డిది యాల లేయలేదో చూడు."

డిస్పాచ్ గుమాస్తా భారతి ఖాళీ ప్రింటరు ముందు చేతులు కట్టుకుని కూర్చుంది. "గేట్‌పాస్ రాలేదప్పా. లారీ డ్రైవరు రెండుసార్లు తిట్టి పోయినాడు. నన్ను తిట్టినాడు, నిన్ను కాదు."

సర్వరు గదిలో అశోక్‌కుమార్ చెమటలు కారుతూ కూర్చుని ఉన్నాడు. ముందు నోటుబుక్కు తెరిచి ఉంది. "వైరు చూసినా తిరుపాలూ. గడియారం చూసినా. రెండుతూర్లు ఆపి లేపినా. ఏం చేసినా లేయదు."

తిరుపాలు కుర్చీలో కూర్చున్నాడు. ఇది తన ఉద్యోగం కాదని మనసులో అనుకుంటూనే అతని చేయి మౌసు మీదికి పోయింది. సర్వరు తన కష్టాలు రాసుకునే చిట్టా తెరిచాడు. ఎర్ర గుర్తులు పదకొండు. పదకొండు సర్వీసులు లేవలేదు. తెర ముందు ఎవరూ కూర్చోకపోయినా వెనక నడుస్తూ ఉండే పనులవి: గేట్‌పాస్ ప్రింటు, హాజరు, స్టోర్సు లెక్క, ఇనుము కోసే మెషీన్లకు ప్రోగ్రాములు పంపేది, ఇంకా అలాంటివి. పదకొండింటి కిందా ఒకటే మాట, లాగిన్ కుదరలేదని. పదకొండింటి పక్కనా ఒకటే పేరు.

తిరుపాలు.

రెండేళ్ల కిందట కొత్త సర్వరు పెట్టిన రోజు, ఒక్కో సర్వీసూ ఎవరి పేరు మీద నడవాలని అడిగింది. వాటికని ఒక వేరే పేరు పెట్టమని పుస్తకంలో ఉంది. చదివాడు కూడా. అయినా తన పేరే కొట్టాడు. మొదటిసారి తొందరలో. మిగతా పదిసార్లు ఇష్టపడి. ఊళ్లో ఏ గోడ మీదా, ఏ బోర్డు మీదా లేని పేరు ఒక ఫ్యాక్టరీ మొత్తాన్ని మోస్తుంటే చూడటం బాగుండింది.

"శనివారం నా పేరు మూసేసినావా?" అని మెల్లగా అడిగాడు.

"నువ్వు రాసిండేదే కదప్పా. పద్నాలుగో పుట." అశోక్‌కుమార్ వేలు పెట్టి చూపించాడు. తిరుపాలు గుండ్రటి చేతిరాత: 'ఎవరు పని మానినా ఆ సాయంత్రమే వాళ్ల పేరు మూసెయ్యి. మొహమాటం వద్దు.'

మూసినా ఆదివారమంతా ఏమీ కాలేదు. సర్వీసు మొదలయ్యేటప్పుడే పేరు అడుగుతుంది, ఒకసారి లోపలికి పోయాక ఆగేదాకా మళ్లీ అడగదు. పూజ రాకపోయి ఉంటే అతని చచ్చిన పేరు మీద ఫ్యాక్టరీ ఇంకో ఆరు నెలలైనా నడిచేది. చామంతి మాల కోసం ఆపారు. లేపితే, ఎవరి పేరని అడిగింది.

మూసిన పేరు తెరవడానికి ఒక టిక్కు తీసేస్తే చాలు. తీశాడు. పదకొండింటినీ ఒకదాని తర్వాత ఒకటి లేపాడు. అద్దం అవతల భారతి ప్రింటరు గరగరమంది. ఆమె కాగితం చించి పైకెత్తి ఊపింది. కాసేపటికి షాపుఫ్లోరులో ఒక మెషీను, ఆ పక్కన ఇంకొకటి. చప్పుడు నేలలోంచి కాళ్లలోకి వచ్చింది.

చప్పుడు విని వచ్చిన వెంకటగిరియప్ప ముఖం విప్పారింది. "చూసినారా? పది నిమిషాలు! రాప్పా, నీ కాగితాలు తీసుకుందువు." వాళ్లను వెంటబెట్టుకుని తన గదిలోకి వెళ్లి కొబ్బరికాయ కొట్టాడు. దారం తెంపాడు. మొలతాడుకున్న తాళంచెవి తీసి బీరువాలో పెట్టాడు. పెట్టి, మేనల్లుడి వైపు తిరిగాడు.

"నువ్వేదో గీకి చెడిపినావు కదా? మూడు వారాలు నేర్పిస్తే ఇదేనా నువ్వు నేర్చుకునింది? చిన్నప్పటినుంచి నువ్వు ముట్టుకునిందేదీ బాగుపడలేదు. రేప్పొద్దున నుంచి లేత్ కాడికి పో. ఇనుప పొట్టు ఊడ్చు."

అశోక్‌కుమార్ నోటుబుక్కు ఛాతీకి ఆనించుకుని నిలబడ్డాడు. పద్నాలుగో పుట చూపిస్తాడేమోనని తిరుపాలు ఎదురుచూశాడు. చూపించలేదు. తను చేసినదేదైనా తప్పే అయి ఉంటుందని అలవాటు పడిన ముఖం అది. తాళంచెవి బీరువాలోనే ఉంది. ఒక్క తిప్పు తిప్పితే తెరుచుకుంటుంది. నోరు మూసుకుంటే రేపు మడివాళలో ఉంటాడు.

"ఆయన తప్పు కాదు సార్," అన్నాడు తిరుపాలు. "తప్పు నాది."

చెప్పాడు. సర్వీసుల సంగతి, పేరు సంగతి, పూజ సంగతి. వెంకటగిరియప్పకు సగం అర్థం కాలేదు. కావలసిన సగం బాగా అర్థమయింది.

"అంటే నీ పేరు తీస్తే నా ఫ్యాక్టరీ నిలబడిపోతాది."

"వేరే పేరు పెట్టి అన్నీ దాని మీదికి మార్చాల సార్. అన్నీ ఆపితే రెండు గంటల పని."

"ఆపేదా?" తలుపు దగ్గర జయరామప్ప ఎగిరిపడ్డాడు. "పెద్ద పనుల ప్రోగ్రాము లైను లైనుగా నీ సర్వర్నుంచే కదప్పా వచ్చేది? మధ్యలో తెగిందంటే టూలు విరిగి కోసే ఇనుములోనే కూర్చుంటాది. నా తల తీసినా ఆపను."

వెంకటగిరియప్ప కాసేపు మెషీన్ల చప్పుడు విన్నాడు. "మన దగ్గర అన్నీ ఆగేది ఎప్పుడప్పా?"

అందరికీ తెలుసు.

"అట్లయితే వచ్చే ఆయుధపూజకి మార్చు," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో, ఇంటి మనిషితో చెప్పినట్టు చెప్పాడు. "అది అయినాక కాగితాలు తీసుకో. నువ్వు కట్టిన ముడి నువ్వే విప్పాల కదా? నడిచేదాన్ని మాత్రం ముట్టుకోవద్దు. మధ్యాన్నం అన్నం ఇక్కడే తిను." తాళంచెవి బయటికి లాగి మొలతాడుకు తగిలించుకున్నాడు.

గేటు ఎదురుగా ఎస్టీడీ బూతు ఉంది. తిరుపాలు మడివాళ కంపెనీకి ఫోను చేశాడు. అవతల ఒకామె చాలా మర్యాదగా, ఒరిజినల్స్ లేకుండా చేర్చుకోవడం కుదరదంది. తర్వాతి బ్యాచ్ ఎప్పుడో తెలియదంది. ఆల్ ది బెస్ట్ అని పెట్టేసింది. అతను బూతు అద్దంలోంచి ఫ్యాక్టరీ గేటు చూస్తూ నిలబడ్డాడు. లారీ పొగ చిమ్ముకుంటూ వెళ్లిపోయింది. పోలీసు కేసు పెట్టొచ్చు, గొడవ చేయొచ్చు, సర్టిఫికెట్లు పోయాయని రాసి డూప్లికేట్లు తెచ్చుకోవడానికి ఏడాది తిరగొచ్చు. మనసులోనే మూడూ చేసి చూశాడు. ఎటు పోయినా ఏడాది లోపల బయట పడే దారి కనబడలేదు. ట్రంకుపెట్టె మడివాళలో ఉంది, తను ఇక్కడ ఉన్నాడు.

తిరిగొచ్చి సర్వరు గదిలో కూర్చున్నాడు. ఎవరో అతని కుర్చీని అప్పుడే అద్దం వైపు తిప్పి పెట్టారు.

"యాల చెప్పినావు?" అన్నాడు అశోక్‌కుమార్. "నాకు తిట్లు కొత్త కాదు కదప్పా."

తిరుపాలు నోటుబుక్కు లాక్కుని చివరి పుట తెరిచి, పదకొండు పేర్లు వరసగా రాశాడు. చాలాసేపు వాటినే చూశాడు. అన్నీ ఆపితే రెండు గంటలు. కానీ అన్నీ ఒకేసారి ఎందుకాపాలి? హాజరు సర్వీసుతో షిఫ్టు మధ్యలో ఎవరికీ పనిలేదు. స్టోర్సు భోజనానికి తాళం వేసుకుని పోతుంది. గేట్‌పాస్ ప్రింటు టీ వేళ ఊరికే ఉంటుంది. ఒక్కోదానికీ ఒక నిమిషం చాలు. ఒక్కో పేరు పక్కనా ఒక్కో వేళ రాసుకుంటూ పోయాడు. పదకొండోది, మెషీన్లకు ప్రోగ్రాములు పంపేది. దాని పక్కన ఏమీ రాయలేకపోయాడు. పద్నాలుగు మెషీన్లలో ఒకటైనా ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది.

కొత్త పేరొకటి తయారు చేశాడు. ఈసారి ఏ మనిషి పేరూ కాదు.

మూడున్నరకు టీ గంట మోగింది. "జయరామప్ప యాడుండాడు?" అని అడిగాడు.

అశోక్‌కుమార్ అతని ముఖం వైపు చూశాడు, నోటుబుక్కు వైపు చూశాడు. లేచి వెళ్లి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "క్యాంటీన్లో ఉండాడు. బన్ను ముంచుకుంటా ఉండాడు. కానీ బేగ."

తిరుపాలు గేట్‌పాస్ సర్వీసును ఆపాడు. తన పేరు చెరిపి కొత్తది కొట్టాడు. పాస్‌వర్డ్ రెండుసార్లు కొట్టాడు. లేపమన్నాడు. తెర మీద నీలం గీత సగం దాకా వచ్చి ఆగింది.

అద్దం మీద టకటకమని చప్పుడు. భారతి, చేతిలో టీ గ్లాసు. "ఏమప్పా, మళ్లీ ఆగిండాదే!"

"ఒక్క నిమిషం అక్కా."

"నీ నిమిషాలు నాకు తెలీదా? డ్రైవర్లు తిట్టేది నన్ను."

నీలం గీత నిండింది. అవతల ప్రింటరు గరగరమంది. భారతి తల తిప్పి చూసి, టీ ఊదుకుంటూ వెళ్లిపోయింది. తిరుపాలు నోటుబుక్కులో మొదటి వరస కొట్టేశాడు.

"ఇంకా పది," అన్నాడు అశోక్‌కుమార్ తలుపు దగ్గర నుంచి, వెనక్కి తిరగకుండానే.