కాలువల ఊరు, పెద్దకొడుకు ముద్ద

ఇది ఇంతకు ముందు రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. నాకు అక్షరాలు రావు, అంతే. అక్షరాలు దిద్దాల్సిన వయసులో నా ఒళ్లో బీడీల చాట ఉండేది. జగిత్యాల వైపు మా ఊళ్లో ఆడపిల్ల చేతికి పలక కంటే ముందు కత్తెర వచ్చేది. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, సాయంత్రానికి కార్ఖానాలో అప్పజెప్పడం. పెళ్లయ్యాకా అదే పని, మొగుడు పోయాకా అదే పని. బీడీల పని తగ్గిపోయాక సౌదీకి వచ్చాను. వచ్చిన కాగితాల్లో సంతకం పెట్టాల్సిన ప్రతిచోటా నా బొటనవేలే పడింది.

అక్షరాలు నేర్పింది నా బిడ్డ. అది ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. కాగితం మీద ఒక్కో అక్షరం పెద్దగా రాసి, ఫోన్‌లో ఫొటో పంపి, వెనకే దాన్ని పలికి గొంతు పంపేది. నేను పాత్రలు తోముతూ వినేదాన్ని. అది కడుపుతో ఉన్నప్పుడు ఒకసారి, "అమ్మా, గీ అక్షరం పొట్ట జూడు, నా పొట్టలెక్కనే లేదా?" అని పంపింది. ఆ గొంతు ఎన్నిసార్లు విన్నానో. ఇప్పుడు వాక్యాలు కూడా వస్తున్నాయి. వత్తులు తప్పుతుంటాయి, దిద్దుకుంటాను.

నేను పనిచేసే ఇల్లు రాస్ తనూరాలో సముద్రానికి దగ్గరే, కానీ సముద్రం కనపడదు. చుట్టూ గోడ మనిషికి రెండింతల ఎత్తు. ఇంటాయన ఆయిల్ కంపెనీలో ఇంజినీరు. ఆయనను బాబా అని, ఆయన భార్యను మేడమ్ అని పిలుస్తాను. ఇల్లు ఊడవడం, వంట సాయం చేయడం పేరుకే. నన్ను తెచ్చుకున్నది బాబా తల్లి కోసం.

ఆ పెద్దామె అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఖతీఫ్‌లో, చేపలు పట్టే ఇంట్లో పుట్టింది. నేను వచ్చేసరికి మతి సగం పోయింది. చేతులు వణికేవి. ఎవరైనా చెంచా నోటి దగ్గరికి తెస్తే పళ్లు బిగబట్టేది. మేడమ్ బతిమాలేది, బాబా బతిమాలేవాడు. అన్నం చల్లారిపోయేది.

ఒకనాడు నేను చెంచా పక్కన పెట్టి, అన్నంలో పెరుగు పోసి మెత్తగా పిసికి, నా బిడ్డకు చిన్నప్పుడు పెట్టినట్టే ముద్దలు చేశాను. మా దగ్గర పిల్లలకు ముద్ద ఉత్తగా పెట్టరు. ఇది తాత ముద్ద, ఇది మేనమామ ముద్ద, ఇది కాకి ముద్ద అని ఒక్కోదాన్ని ఒక్కొక్కరి పేర పెడతారు. ఆ అలవాటు కొద్దీ నోట్లోంచి అదే వచ్చింది. "గిది నీ పెద్దకొడుకు ముద్ద. గిది పడవ మీద పోయిన నీ అన్న ముద్ద." మాటలన్నీ తెలుగే, మధ్యలో నాకు తెలిసిన ఒకటి రెండు అరబ్బీ ముక్కలు. ఆమెకు ఏమర్థమైందో, నోరు తెరిచింది. చివరికి వరస అయిపోయి పేర్లు దొరక్క, "గిది నా బిడ్డ ముద్ద" అన్నాను. అదీ తినేసింది.

ఇల్లంతా పండుగ. "నీ చేతిలో బర్కత్ ఉంది, దేవుడి దీవెన ఉంది" అన్నాడు బాబా. ఆ మాటకు నేను కూడా పొంగిపోయాను. ఆ రోజు నుంచి మూడు పూటలా ఆమెకు నా చెయ్యే. పొద్దున పాలన్నం, మిగతా రెండు పూటలు పెరుగన్నం. పెట్టేటప్పుడు గది తలుపు దగ్గరికి వేసేదాన్ని. అన్నం మీద అర్థం కాని మాటలేవో గొణుగుతోందని ఎవరికైనా తోస్తే, ఈ దేశంలో ఆ మాట ఎక్కడిదాకా పోతుందో చెప్పలేం. మందు పెట్టిందంటారు, మంత్రం వేసిందంటారు. అందుకని చిన్న గొంతుతో, ఆమె చెవి దగ్గర చెప్పేదాన్ని.

నా బిడ్డకు ఏడో నెల వచ్చింది. తొలి పురుడు తల్లి చేయాలి. అది మా దగ్గర ఆచారం ఒక్కటే కాదు, దానికి అత్త కూడా లేదు, వేరే దిక్కు లేదు. నా ఒప్పందం గడువు ఎప్పుడో అయిపోయింది. బాబాను ఖురూజ్ అడిగాను. ఖురూజ్ అంటే దేశం వదిలి పోవడానికి కఫీల్, అంటే మనల్ని పనికి తెచ్చుకున్న యజమాని, ఇచ్చే అనుమతి. ఇప్పుడు కాగితం కూడా లేదు, ఆయన తన ఫోన్‌లో ఒక నొక్కు నొక్కితే చాలు.

"హాలండ్ వెళ్లొచ్చాక" అన్నాడు.

బాబా ఒకప్పుడు అక్కడ చదువుకున్నాడట. ఏటా ఎండలు ముదిరాక కుటుంబాన్ని తీసుకుని పోతాడు. ఆ ఏడు పెద్దామెను వదిలిపెట్టలేక వెంట తీసుకున్నాడు, ఆమె కోసం నన్ను. విమానాశ్రయంలో నా పాస్‌పోర్టు చాలా కాలం తర్వాత చూశాను. కౌంటర్ మీద పెట్టారు, ముద్ర పడింది, మళ్లీ ఆయన నడుముకు కట్టిన సంచిలోకి పోయింది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో అద్దె ఇంట్లో దిగాం. కింద వీధిలో ట్రాములు, సైకిళ్లు, జనం. చక్రాల కుర్చీ తోసుకుని రోడ్డు దాటాలంటే ప్రాణం మీదికి వచ్చేది. ఆ రద్దీ పెద్దామెకు పడలేదు. చెవులు మూసుకుని ఏడ్చేది. అందుకని బాబా వ్యాన్ తీసుకుని, పొద్దున బయలుదేరి ఏదో ఒక పల్లెకు తీసుకుపోయి సాయంత్రానికి తెచ్చేవాడు. నేను డబ్బాలో అన్నం, పెరుగు కట్టుకునేదాన్ని.

ఒకనాడు గాలిమరల ఊరు. ఆకుపచ్చ రంగు వేసిన చెక్క ఇళ్లు, పెద్ద పెద్ద రెక్కలు తిరుగుతూ. పిల్లలు చెక్కచెప్పులు తొడుక్కుని టకటకమని నడిచారు. ఇంకోనాడు సముద్రపు ఒడ్డున చేపల ఊరు. పొగబెట్టిన చేపల వాసన తగలగానే పెద్దామె కుర్చీలో నిటారుగా అయింది. "మా వాళ్లు వచ్చారా?" అని అడిగింది. నేను వచ్చారని చెప్పాను. ఆ రోజు ముద్దలన్నీ చకచకా తినేసింది.

ఎక్కడ చూసినా పచ్చగడ్డి, ఆవులు, నీళ్లు. ఇళ్లకు గోడలు లేవు. కిటికీలకు తెరలు కూడా వేసుకోరు, లోపల కూర్చుని కాఫీ తాగే మనుషులు కనపడతారు. రాస్ తనూరాలో గోడ ఉంది కాబట్టి నేను లోపల ఉన్నాను అనుకునేదాన్ని. ఇక్కడ గోడ లేదు, గేటు లేదు, అయినా నా చేతులు కుర్చీ పిడి వదలడం లేదు. ఎటు పోతాను? నా పాస్‌పోర్టు నాకు నాలుగడుగుల ముందు ఆయన నడుం మీద పోతోంది.

చివరి రోజు వెళ్లింది కాలువల ఊరు. దాని పేరు నా నోట సరిగ్గా పలకదు. ఆ ఊరి నడిమధ్య రోడ్డు లేదు, కాలువే రోడ్డు. గడ్డి కప్పిన ఇళ్లు ఒక్కోటి ఒక్కో దిబ్బ మీద, ఇంటికో చిన్న చెక్క వంతెన. మేం ఒడ్డున ఒక బల్ల దగ్గర ఆగాం. ఆ పక్కనే ఒకావిడ తెలుగులో మొగుణ్ని తిడుతోంది.

"ఫోటో తియ్యమంటే నా తలకాయ తీసేసి వంతెన తీశారు!"

నాకు నవ్వొచ్చింది. ఆమె చూసింది. "అయ్యో, మీరు తెలుగా? ఏ ఊరండీ?"

చెప్పాను. వాళ్లది కాకినాడట. నా పని ఏమిటో విని ఆమె కళ్లు పెద్దవి చేసింది.

"మీకేమండీ, జీతమిచ్చి మరీ హాలండ్ తిప్పుతున్నారు! మేమైతే ఎన్నేళ్లు సెలవులు దాచుకుంటే వచ్చామో."

"అవునమ్మా" అన్నాను.

"మరి ఇంటికెప్పుడెళ్తారు?"

"సారు ఫోన్ నొక్కినప్పుడు."

ఆవిడ జోక్ అనుకుని నవ్వింది. మొగుడు మాత్రం నవ్వలేదు, కెమెరా దించి నా వైపు ఒకసారి చూశాడు. వాళ్ల బస్సు టైమైందని వెళ్లిపోయారు.

మధ్యాహ్నం డబ్బా తెరుస్తుంటే మేడమ్ నా చేయి పట్టుకుని ఆపింది. ఆమె చెడ్డ మనిషి కాదు. "నువ్వు పిల్లలతో పడవ ఎక్కు. ఈ పూట నేను తినిపిస్తాను. నేను పెడితే తింటే నువ్వు నీ కూతురి దగ్గరికి పోవచ్చు కదా" అంది.

పడవ ఎక్కాను. బాబా నడుపుతున్నాడు, చప్పుడు లేని పడవ. వంతెనల కింద తలలు వంచుతూ పోతున్నాం. పిల్లలు బాతులకు రొట్టె వేస్తున్నారు. ఇళ్ల ముందు పూలు నీళ్లలోకి వంగి ఉన్నాయి. అంత అందమైన చోటు నేను జన్మలో చూడలేదు, కానీ చూసిందేమీ లేదు. మెడ తిప్పి ఒడ్డునే చూస్తున్నాను. కాలువ మలుపు తిరిగింది, ఒడ్డు కనపడకుండా పోయింది. అక్కడ ఒక నోరు తెరుచుకుంటుందా లేదా అన్నదాని మీద నా బిడ్డ పురుడు ఉంది. నేను నీళ్ల మధ్య కూర్చుని ఉన్నాను, దిగడానికి లేదు.

తిరిగొచ్చేసరికి పెద్దామె మెడ కింద, ఒళ్లో అంతా అన్నం. పెదవులు గట్టిగా మూసుకుని కళ్లలోంచి నీళ్లు. మేడమ్ చేతిలో చెంచా, ఆమె కళ్లలోనూ నీళ్లు. బాబా ఇద్దరినీ చూసి, తర్వాత నన్ను చూశాడు.

"చూశావు కదా. నిన్నెలా పంపను?"

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

వ్యాన్‌లో వెనక సీట్లో ఆమె పక్కన కూర్చుని మిగిలిన అన్నం కలిపాను. ఆ పూట పేర్ల వరస చెప్పబుద్ధి కాలేదు. ఉత్తగా ముద్ద నోటి దగ్గర పెట్టాను. ఆమె పళ్లు బిగబట్టింది. నా చేతికి కూడా! మళ్లీ పెట్టాను. తల తిప్పుకుంది. నాకు భయమేసింది. దగ్గరికి జరిగి, చెవిలో, "గిది నీ పెద్దకొడుకు ముద్ద" అన్నాను. నోరు తెరిచింది.

ముద్ద ఆమె నమిలేదాకా అలాగే చూస్తూ ఉండిపోయాను. అంటే బర్కత్ నా చేతిలో లేదు. ఆ ముద్ద ఎవరిదో చెబితే చాలు, చెయ్యి ఎవరిదైనా తింటుంది. ఇన్నాళ్లూ నా చేతికి కట్టుకున్న ముడి ఎవరైనా విప్పగలిగిందే. కానీ విప్పాలంటే ఆ మాటలు మేడమ్ ముందు బయటికి అనాలి.

ముందు సీట్లో బాబా, మేడమ్ ఉన్నారు. కిటికీలోంచి ఆవులు వెనక్కి పోతున్నాయి. మిగతా ముద్దలు కూడా చెవిలోనే చెప్పి పెట్టాను.

మర్నాటికి రాస్ తనూరా చేరాం. గేటు తెరుచుకుని మళ్లీ మూసుకుంది. సాయంత్రం బాబా నన్ను పిలిచి, "అబద్ధం చెప్పను. అమ్మ ఇంకొకరి చేతి అన్నం తిన్న రోజున నీ ఖురూజ్ వేస్తాను. అప్పటిదాకా అడగకు" అన్నాడు.

బిడ్డకు ఫోన్ చేశాను.

"ఏమన్నరే అమ్మా?"

"రేపు జెప్త."

"నీ రేపులు పాడుగాను! నువ్వు రేపు రేపు అనుకుంట గీడికొచ్చేటాల్లకు నీ మనుమడు బడికి పోతుంటడు."

"మనుమరాలైతే?"

"అయితే దానికి బీడీలు నేర్పుతవా?" అని నవ్వింది. నవ్వుతూనే గొంతు మారింది. "కాళ్లు వాస్తున్నయమ్మా. సిస్టరమ్మ ఉప్పు తినకన్నది. భయమైతున్నది."

ఫోన్ పెట్టేశాక అన్నీ వరసగా ఆలోచించాను. చెబితే మేడమ్ నవ్వి ఊరుకోవచ్చు. లేదా, మా అత్తకు ఇన్నాళ్లూ ఏం చదివి పెట్టావని అడగవచ్చు. ఆ ప్రశ్న ఒకసారి పుడితే నా దగ్గర జవాబు చాలదు, నా అరబ్బీ అసలే చాలదు. చెప్పకపోతే నా చేతికి బర్కత్ ఉంటుంది, నేను ఉంటాను, నా బిడ్డ ఒక్కతే ఉంటుంది.

మర్నాడు పొద్దున పాలన్నం కలిపే ముందు పెద్దామె గది తలుపు బార్లా తెరిచాను. మేడమ్‌ను పిలిచాను. చెయ్యి కడుక్కోమన్నాను. ఆమె ఆశ్చర్యపోతూనే కడుక్కుని వచ్చింది. "చెంచా వద్దు" అని, ఆమె అరచేతిలో ముద్ద పెట్టి, వేళ్లు ఎలా మడవాలో నా వేళ్లతో చూపించాను. నాకొచ్చిన అరబ్బీలో గట్టిగా, ఇంట్లో అందరికీ వినపడేలా చెప్పాను. "మా ఊళ్లో పిల్లలకు ఇలాగే పెడతాం. ఒక్కో ముద్ద ఒక్కొక్కరిది. నేను రోజూ అనేది ఇదే. ఇది ఈమె పెద్దకొడుకు ముద్ద. మీరు చెప్పండి."

మేడమ్ తన చేతిలోని ముద్దను, నన్ను మార్చి మార్చి చూసింది. అప్పుడామె అత్త వైపు తిరిగి, "అమ్మా, ఇది నీ పెద్దకొడుకు ముద్ద" అంది, తన భాషలో, తన గొంతుతో. పెద్దామె నోరు తెరిచింది.

అన్న ముద్ద, చెల్లెలి ముద్ద, పోయిన భర్త ముద్ద. వరస నేను చెబుతున్నాను, మేడమ్ పలుకుతోంది. మధ్యలో నాకు తెలియని వాళ్లను కూడా తనే చేర్చింది. గిన్నెలో ఒక్కటి మిగిలింది.

"ఇది ఎవరిది?"

"నా బిడ్డది" అన్నాను.

మేడమ్ ఆ ముద్దను చేతిలోకి తీసుకుంది. "అమ్మా, ఇది ఈమె కూతురి ముద్ద." పెద్దామె నోరు తెరవలేదు. తల తిప్పి నన్నే చూసింది. నా కుడిచెయ్యి దానంతటదే లేచింది. దాన్ని తొడ కింద పెట్టి నొక్కి పట్టుకున్నాను. మేడమ్ ఇంకోసారి చెప్పింది. పెద్దామె నన్ను చూస్తూనే పెదవులు విప్పింది. ఆమె మింగేదాకా నేను ఆ చెయ్యి బయటికి తీయలేదు.