కాపెల్‌లో నేను చేసిన సెలక్షన్

మొన్న మా పాత స్కూలువాళ్లు మండలం ఖోఖో జట్టు ఎంపికకి రమ్మని ఫోన్ చేస్తే, మోకాళ్ల నొప్పులని చెప్పి తప్పించుకున్నాను. నొప్పులు నిజమే గానీ, అసలు కారణం అది కాదు. ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసి, పిల్ల నాలుగడుగులు పరిగెత్తితే చాలు, జట్టుకి పనికొస్తుందో లేదో చెప్పేస్తానని పేరు తెచ్చుకున్నవాణ్ణి. ఆ ధీమా కాపెల్‌లో పోయింది.

పదేళ్ల పైమాటే. రిటైరయ్యాక మా మేనకోడలి దగ్గర నాలుగు నెలలు ఉండి వద్దామని అమెరికాలో, టెక్సాస్‌లోని కాపెల్ ఊరికి వెళ్లాను. దాని కూతురికి పందొమ్మిదేళ్లు. కాలేజీలో చదువుతూ, ఆస్ట్రేలియావాళ్ల ఫుట్‌బాల్ ఆడేది. శనివారం శనివారం నన్ను కార్లో గ్రౌండుకి తీసుకెళ్లి, కళ్లజోడు తీసి నా చేతికిచ్చి, పరుగున లోపలికి పోయేది. నేను దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, మడతకుర్చీలో కూర్చుని, ఆ ఆటేమిటో తెలుసుకోవాలని తంటాలు పడేవాణ్ణి. బంతి కోడిగుడ్డు ఆకారం. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు, విసరకూడదు. పిడికిలితో గుద్ది అందించాలి. గోలు దగ్గర నాలుగు స్తంభాలు. నడిమి రెండింటి మధ్య నుంచి తంతే ఆరు పాయింట్లు, గురి తప్పి పక్క సందులోంచి పోయినా ఒకటి ఇస్తారు. తప్పినందుకు పాయింటేమిటని మూడు వారాలు ఆలోచించాను.

కోచ్ ఆస్ట్రేలియా ఆయన. నేను చేసిన ఉద్యోగం సంగతి మా పిల్ల చెప్పినట్టుంది, ఓ శనివారం వచ్చి నా పక్కన గడ్డిలో కూర్చున్నాడు. అప్పటిదాకా తను కొత్తవాళ్ల జట్టులోనే ఆడుతోంది. వచ్చే వారం టోర్నమెంటుకి పెద్ద జట్టులో ఒక చోటు ఖాళీ. "మీరైతే ఆ అమ్మాయిని ఆడిస్తారా?" అని నెమ్మదిగా, నాకర్థమయ్యే ఇంగ్లీషులో అడిగాడు. నాకు ఆటే సరిగా తెలియదు. పైగా మన పిల్ల. అయినా అలవాటుపడ్డ నోరు ఊరుకోదు కదా. కాళ్లు బాగున్నాయి, దమ్ముంది, కానీ బంతి మీదికొచ్చేటప్పుడు ఒక్క క్షణం తటపటాయిస్తోంది, ఇంకో నెల ఆగండి అన్నాను. ఆయన తలూపి లేచాడు. సాయంత్రానికి పెద్ద జట్టు జాబితా చదివారు. మా పిల్ల పేరు లేదు.

కళ్లజోడు తీసుకుని పెట్టుకుంది, కారెక్కింది. హైవే ఎక్కాక అడిగింది.

"కోచ్‌కి నువ్వే చెప్పావా తాతయ్యా?"

"చెప్పానమ్మా. బంతి వస్తుంటే భయపడుతున్నావు."

"భయం కాదు. నాకు బాల్ కనపడదు. దగ్గరికొచ్చాకే కనపడుతుంది. లెన్సెస్ పెడితే కళ్లు మండుతాయి."

"మరి ఆయనకి చెప్పలేదేం?"

"చెప్తే టీమ్‌లోంచి తీసేస్తారు అనుకున్నా."

మూడు వారాలు దాని కాళ్లే చూశాను. కళ్లజోడు నా జేబులోనే ఉంది.

ఇంటికి రాగానే కోచ్‌కి ఫోన్ చేయించి జరిగింది చెప్పాను. జాబితా పంపేశామని, ముందు కళ్ల సంగతి చూడమని అన్నాడు. మేనకోడలు డాక్టరుకి చూపించి వేరే రకం లెన్సులు ఇప్పించింది. ఆలోగా నా ప్రయాణం రోజు వచ్చింది. నేను ఇల్లు చేరిన వారానికి ఫోనొచ్చింది: పెద్ద జట్టులో ఆడిందిట, చివరిదాకా బయటికి రాలేదుట.

"నువ్వు చెప్పినట్టే నెలకి ఆడింది మావయ్యా" అంది మేనకోడలు. మెచ్చుకుందో, దెప్పిందో తెలియలేదు. నేను చెప్పిన కారణం తప్పు. ఆ తప్పు చెప్పకపోతే దాని చూపు సంగతి ఎవరికీ తెలిసేది కాదు. అది చెడు చేయడమో మంచి చేయడమో ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను. నెల ఆగమనడం నాకు నోటిమాట. పందొమ్మిదేళ్ల పిల్లకి ఆ నెల ఎంత పొడుగ్గా గడిచిందో అడగాలని అప్పుడు తోచలేదు, ఇప్పుడడిగితే దానికీ గుర్తుండదేమో.