రాకెట్టు మీద మా మామ తీర్పు

సింగానల్లూరులోని మా తెలుగువాళ్ల మండపంలో ఏటా తిరునాళ్లకు పట్టిమండ్రం జరుగుతుంది. ఇంట్లో తెలుగే మాట్లాడినా అక్కడ వాదించుకునేది తమిళంలో. రెండు పక్షాలూ మాట్లాడాక నడుమ కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి తీర్పు చెబుతాడు. ఒక ఏడు వాదన, అంతరిక్షానికి పెట్టే ఖర్చు అక్కరా, దండగా అని. పెద్దమనిషి మా మేనమామ. కినత్తుకడవులో ఆయనకు టెంకాయ తోపు ఉంది.

నేను అక్కర అనే పక్షం. బడిలో ఆగిపోయిన చదువును ఆర్.ఎస్. పురం లైబ్రరీలో నాకు నేనే పెంచుకున్నాను. ఆ గర్వం దాచుకోను. ఉపగ్రహం తీసిన బొమ్మల్లో నేల కింది రాతి పగుళ్ల జాడ తెలుస్తుందనీ, వాటితో నీటి పటాలు గీస్తారనీ చెప్పాను. మామ మైకు అందుకుని, కడుపు కాలినవాడికి పట్టపగలే చుక్కలు కనిపిస్తాయి, రాకెట్టు దేనికని దండగ పక్షానికే తీర్పిచ్చాడు. అంతటితో ఆగక, నా వైపు తిరిగి తెలుగులోకి దిగాడు.

“అమ్మిణీ, నీకు మిద్దె మీద కొత్తిమీర మొలిపించ చేతకాలే. చందమామ ఎందుకు?”

వెనక వరసలో ముసలమ్మలు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ రోజు విందు నాకు సయించలేదు. ఆ కుర్చీలోంచే, ఆ నోటితోనే తీర్పు తిప్పించాలనుకున్నాను.

రెండు వేసవులు ఆగాల్సి వచ్చింది. వానలు తప్పాయి. మామ తోపులో మట్టలు వేలాడిపోయాయి, పాత బోరు గాలి కక్కింది. ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ, ఆనాడు నేను చెప్పిన పటాలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు. నాకు జాలి కలగలేదు. తెచ్చిస్తాను, నీళ్లు పడితే అదే కుర్చీలో కూర్చుని తీర్పు మార్చాలన్నాను. సరేనన్నాడు.

మాట మీద నిలవలేదు. మా వైపు బోరు వేసేముందు, అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలమంతా నడిచే మనిషిని పిలుస్తారు. టెంకాయ నిక్కి నిలబడ్డ చోట నీళ్లున్నట్టు. మామ నాకు చెప్పకుండా అతణ్ణి పిలిచాడు. ఆ చోట వేసిన బోరులో తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. కబురు తెలిసి ఫోను చేశాను.

“ఆ టెంకాయ చట్నీకైనా ఆయెనా మామా?”

“పటం తీసుకుని రా అమ్మిణీ,” అన్నాడు మామ.

నేను తెచ్చిన పటం చదివి ఒక భూగర్భ నిపుణుడు గుర్తుపెట్టిన చోట కూడా మొదట దుమ్మే లేచింది. నీళ్లు పడకపోతే తోపు పోతుంది, నేను జన్మంతా కొత్తిమీర మాట పడాలి. నిజానికి రెండోదే నన్ను ఎక్కువ బాధించింది. సాయంత్రానికి దుమ్ము బురదైంది, బురద నీరైంది. ధార పెద్దదేం కాదు. తోపు బతకడానికి చాలింది.

ఆ ఉపగ్రహాన్ని మా మామ బోరు కోసం పంపలేదని నాకు తెలుసు. ఎవరికి అక్కరకొస్తుందో తెలియకుండానే పెట్టే ఖర్చు అది. తెలిశాకే పెడతామంటే ఏదీ మొదలుకాదు. తిరునాళ్లలో ఈ మాట నేనే చెప్పొచ్చు. చెప్పకుండా మొదటి వరసలో కూర్చుని మామ వైపే చూశాను.

ఆ ఏటి వాదన అత్తాకోడళ్ల వంట మీద. మామ తీర్పు చెప్పి లేవబోతూ, నన్ను చూసి మళ్లీ కూర్చున్నాడు. మునుపు రాకెట్టు మీద తానిచ్చిన తీర్పు తప్పనీ, తన తోపు ఆ పటంతోనే బతికిందనీ తమిళంలో గొణిగి మైకు పక్కన పెట్టాడు.

నేను లేచి నిలబడ్డాను.

“మన మాటలో చెప్పు మామా. వెనక అవ్వలకు వినపడలే.”

ఆయన మైకు మళ్లీ తీసుకున్నాడు. చెప్పడం అయ్యేదాకా నేను కూర్చోలేదు.